కండెల సైకిలు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆ పొద్దున భీమప్ప చేతిలో పానా ఉంది, హులిగమ్మ సైకిలు మీద ఉంది. స్టాండు వేసిన సైకిలు అది. వెనక టైరుకు కదురు ఒత్తుకుని ఉంటుంది, ఆమె తొక్కుతుంటే నూలు కండెకు చుట్టుకుంటుంది. మొగుడు దిగమనడం మొదలుపెట్టి అప్పటికి చాలాసేపైంది.

"దిగు హులిగీ. పొద్దెక్కుతాంది."

"ఈ నూలు చిలప అయిపోనీ మామా."

"అది అయిపోతే ఇంగోటి ఎక్కిస్తావు. నాకు తెల్దా నీ సంగతి? దిగు, చక్రం మార్చల్ల."

"యా చక్రం?"

"పెడలు కాడుండే పండ్ల చక్రం. ఇది సూడు, పెద్దది తెచ్చినా. జొన్నరొట్టెంత ఉండాది."

"యాడిది ఇది?"

"మీ జయన్ననడిగి తెచ్చినా."

"మా అన్న ఇచ్చినాడా? ఏమిటికని సెప్పి తెచ్చినావు?"

"ఇచ్చినాడు లే. దిగు."

"ఏమిటికని సెప్పినావు అంటాండా."

"కండెలు బిరీన కావల్లంట మా హులిగికి, అని సెప్పినా."

"నేనన్నానా ఆ మాట? ఈ రొట్టె బిగిస్తే కదురు గిర్రున తిరిగి నూలు పుటుక్కున తెగుతాది. దినమంతా ముడులేసుకుంటా కూసోవల్ల. మా అన్నకు ఆ మాత్రం తెలుసు. నీ మొగం సూసి ఇచ్చింటాడు."

"ఒక్క దినానికే. మాపటికి నీ చిన్న చక్రం నీకు బిగించి ఇస్తా."

"ఈ ఒక్క దినం ఏముండాది?"

"ఏముంటాది. అట్ల పోయి ఇట్ల వస్తా."

"అట్ల పోయి ఇట్ల వచ్చేటోడు మడ్‌గార్డులు ఏల పీకినాడు? బెల్లు ఏమాయె? క్యారేజి ఏమాయె? హ్యాండిలు సూడు, తలకిందులుగా బిగించినావు. పొద్దున ఎక్కి పట్టుకుంటే నా నడుము వంగిపోయె."

"అది పందెం తీరు హ్యాండిలు. వంగితే గాలి నెత్తిమీద పోతాది."

"మన పడసాలలో గాలి యాడుంది మామా, అది నెత్తిమీద పోనీకి?"

"నీకేం తెలుసు సైకిలంటే. ఆదోని శేషప్ప సైకిలు సూసినావా నువ్వు?"

"బస్టాండు కాడ బాడుగ సైకిళ్ళు పెట్టుకున్నాయప్పేనా?"

"ఆయప్పే. బాడుగవి వేరే, తన సొంతానిది వేరే. బొంబాయి నుంచి తెప్పిచ్చుకున్నాడు. పొట్టేలు కొమ్ముల మాదిరి హ్యాండిలు. చక్రాలు ఎంత సన్నమంటే, గుడ్డతో తుడవనీక్కూడా భయపడ్తాడు. ఆదోనిలో హోటలు ముందర అందరూ సూస్తాండంగా ఒంటి సేత్తో పైకెత్తి సూపిచ్చినాడు."

"ఎత్తుకోని తిరగనీకా తెప్పిచ్చుకుంది?"

"పందెం సైకిలే అది. దాంట్లో కూడా ఫ్రీవీలు లేదు, బ్రేకు లేదు. కట్టుచక్రం. చక్రం తిరిగినంతసేపు పెడలు తిరగల్సిందే. అచ్చం మనదాని లెక్క."

"మనది ఎప్పుడాయె?"

"అబ్బా, నీదే లేవే. మాట ఇను ముందు. ఆదోని మొత్తానికి కట్టుచక్రం సైకిలు నాదొక్కటే అన్నాడు శేషప్ప. నాకు నోరు ఊరుకోలే. మా ఇంట్లో ఒకటుండాది అంటి."

"అంతవరకు నిజమే."

"ఎవరు సేసిరి అన్నాడు. సేయించుకున్నా అంటి."

"ఎవరు సేయించుకున్నారు?"

"నేనే."

"నువ్వా."

"మాట వరసకు అంటి."

"ఏమిటికి సేయించుకున్నావని సెప్పినావు?"

"పందానికని."

"కండెలకని సెప్పనీకి నోరు రాలేదా?"

"అంతమంది ముందర కండెలంటే నవ్వరా? ముందే నవ్వుతాండారు వాళ్ళు."

"ఎవరిని సూసి?"

"నన్ను సూసి. మనందరిని సూసి. ఎమ్మిగనూరోళ్ళు గుంతలో కాళ్ళు పెట్టుకోని కూసునేటోళ్ళు, మీకు సైకిలు పందెమేంది, పోయి గుంతలో కూసోపో అన్నాడు శేషప్ప. టీ పోసేవాడు కూడా నవ్వినాడు హులిగీ. మా నాయన ఆ గుంతమగ్గంలోనే బతికినాడు, మా తాత ఆడనే బతికినాడు. నాకు ఒళ్ళు మండిపోయె."

"నాకూ మండుతాది. గుంతలో కాళ్ళు ఊరికే ఉంటాయా? పొద్దుగూకులూ మగ్గం పావులు తొక్కేది ఎవరి కాళ్ళు? ఆయప్ప అంగడిలో స్టూలు మీద కూసోని బాడుగ వసూలు సేసుకునేటోడు. ఈ మాట అన్నావా?"

"అన్లేదు."

"అనింటే నిన్ను మెచ్చుకుంటాంటి. ఏమన్నావు మరి?"

"పందెం అంటి."

"ఆ."

"మనూరి నుంచి కోటేకల్లుకు పోయి తిరిగి రావల్ల. ఈ పొద్దే. ఆదోని నుంచి బస్సెక్కి వస్తాండారంట జనం, సూడనీకి."

"గెలిస్తే ఏమిస్తారు?"

"శేషప్ప సైకిలు నాకు. ఆ బొంబాయిది. ఆలోచించుకో, పొట్టేలు కొమ్ముల హ్యాండిలు మన గడప ముందర."

"ఓడితే?"

"ఓడేది యాడిది? పెద్ద చక్రం బిగిస్తే ఒక్క తొక్కుకు బండి ఎంత దూరం పోతాదో తెలుసా నీకు?"

"ఓడితే అంటాండా మామా."

"సీటు కూడా కొంచెం పైకి లేపల్ల. దిగు."

"ఓడితే."

"సైకిలుకు సైకిలు."

"మల్లా సెప్పు."

"సైకిలుకు సైకిలు హులిగీ. పందెం అంటే అట్లే ఉంటాది. ఒక పక్క పెట్టి ఒక పక్క పెట్టకుండా ఉంటారా ఎవరన్నా?"

"చిలప అయిపోయినాక దిగుదామనుకుంటి. ఇంగ దిగను."

"తొక్కేది ఆపన్నా ఆపు, నేను మాట్లాడతాండా."

"తొక్కేదీ ఆపను. ఈ సెయ్యి సూడు. మగ్గం దూలం మీద పడి ఇరిగిన సెయ్యి. కట్టు కట్టినాయప్ప వంకరగా కట్టె, మోసెయ్యి మడవనీకి రాకపాయె, రాట్నం తిప్పనీకి రాకపాయె. మీయమ్మ ఏమన్నాది అప్పుడు?"

"ఇప్పుడు ఆ మాటలేటికి?"

"పని సెయ్యలేని దాన్ని కూసోబెట్టి కూడు పెట్టల్లనా అన్నాది. నువ్వు మగ్గంలో కూసోని ఇన్నావు. నేసే నాడె ఆపలేదు, తలెత్తలేదు. మా అన్న ఆదోని జిన్నింగు మిల్లు నుంచి వచ్చి నా కాలు కొలుసుకోని పోయినాడు. పాత ఇనుము ఏరుకోని ఇది సేసి తెచ్చినాడు. సెయ్యి పోతే ఏమాయె, కాళ్ళుండాయి గదా నీకు అన్నాడు. నూలు తెగితే వెనక్కి తిప్పి కొస పట్టుకోవల్ల, కాలు ఆగితే కదురు ఆగల్ల, అందుకే ఫ్రీవీలు పెట్టలేదు. నీ పందానికి కాదు."

"నేను కాదన్నానా?"

"ఈ పొద్దు నీ మగ్గానికే కాదు, వీధిలో ఇంగా మూడిండ్లకు కండెలు నేనే పెడ్తాండా. నూలు వాళ్ళే తెచ్చి ఇచ్చి పోతారు. మీయమ్మ నన్ను పేరు పెట్టి పిలుస్తాది. ఇది పోతే నేను మల్లా మూలన కూసునేదే. నా సెయ్యి పందెం కట్టొచ్చినావు మామా నువ్వు, హోటలు ముందర, టీ తాగుకుంటా."

"గెలుస్తానని గదా కట్టింది."

"ఎట్ల గెలుస్తావు? నీ మోసెయ్యి ఎట్ల గీసుకుపోయె?"

"తలుపు తగిలె."

"మోకాలికి కూడా తలుపే తగిలెనా?"

"సందులో తలుపు ఇరుకు."

"మొన్న మాపున సైకిలు తీస్కపోయి కోటేకల్లు దారిలో వంక దిగుడులో పడినావు. అవునా కాదా?"

"ఎవరు సెప్పిరి?"

"పెడలు వంగింటే ఎవరు సెప్పల్ల? దిగుడు రాంగనే కాళ్ళు నిలిపింటావు. ఎత్తి ఏసింటాది."

"దిగుడు వస్తే ఎవరైనా కాళ్ళు నిలుపుతారు. తొక్కి తొక్కి వచ్చినాక కొంచెం గాలి పోసుకుంటారు. అది మనిషికి అలవాటు."

"దీనికి ఆ అలవాటు లేదు. నువ్వు నిలిపినా అది నిలపదు. నీకు అరగంట నేస్తే ఒక బీడీ తాగల్ల. ఈ సైకిలుకు నీకు పడదు మామా."

"అందుకే గదా పెద్ద చక్రం అంటాండా. పెద్దదుంటే దిగుడులో కాళ్ళు మెల్లగ తిరుగుతాయి. అప్పుడు ఎత్తి ఏయదు."

"దిగుడు సరే, ఎక్కుడులో ఏం సేస్తావు?"

"నిలబడి తొక్కుతా."

"ఆ వంక అవతలి ఎక్కుడులోనా, ఎదురుగాలిలోనా? సగం ఎక్కేసరికి తొడలు పట్టేసి కిందికి దిగి తోసుకుంటా పోతావు. చిన్న చక్రమైతే కాళ్ళు బిరబిర తిరిగినా పైదాకా తీస్కపోతాది. ఎక్కుడు అయిపోయినాక మలుపు తిరిగితే గాలి వెనక నుంచి తోస్తాది, అప్పుడు ఎంత తొక్కితే అంత."

"మలుపు తిరిగినాక గాలి వెనక నుంచి వస్తాదా?"

"వస్తాది."

"నీకెట్ల తెలుసు?"

"అందరికీ తెలిసిందే."

"నాకు తెల్దు. నేను ఎక్కుడు దాకా పోలే, దిగుడులోనే పడితి. నీకెట్ల తెలుసు హులిగీ?"

"బండి మీద పోయినప్పుడు సూసింటి."

"ఎద్దులబండిలో కూసున్నదానికి గాలి ఎటు తోస్తే ఏముంది? ఉండు. ముందర టైరుకు ఈ మట్టి ఏంది?"

"నువ్వు తీస్కపోయినప్పుడు అంటింటాది."

"నేనొచ్చినాక తుడిసిపెట్టినా. ఇది పచ్చిగుండాది. స్టాండు మీదుండే సైకిలుకు ముందు చక్రం తిరగదు గదా, మట్టి ఎట్లొచ్చె?"

"నువ్వు చక్రం మార్చల్లంటివే, పొద్దెక్కుతాంది అంటివే."

"హులిగీ. నువ్వు సైకిలు తొక్కుతావా?"

"కండ్లు కనపడ్డంలేదా? తొక్కుతాండా గదా."

"రోడ్డు మీద."

"ఆ. తొక్కుతా."

"ఎప్పట్నుంచి?"

"దసరాకు నువ్వు దేవరగట్టుకు పోయింటివే, అప్పట్నుంచి."

"ఎవరు నేర్పిచ్చిరి?"

"ఎవరూ లేదు. తెల్లారకముందే మొబ్బున లేచి సందులో గోడ పట్టుకోని పోతాంటి. గోడ అయిపోయిన కాడ పడతాంటి. ఒకనాడు హనుమక్క సూసె. ఊరంతా సెప్తాదనుకుంటి. ఏమీ అన్లేదు. మర్సనాడు వచ్చి వెనక సీటు పట్టుకున్నాది."

"పక్కింటి హనుమక్కనా? నన్ను సూసి దినమూ నవ్వుతాది, అందుకేనా?"

"అది నిన్ను సూసి ముందు నుంచీ నవ్వుతాది."

"యాడిదాకా పోతావు?"

"కోటేకల్లు దాకా. పోయి తిరిగొచ్చి స్టాండు ఏసి కదురు తగిలిస్తా. నువ్వు అప్పటికి లేస్తావు."

"ఏమిటికి పోవల్ల? ఆడ ఎవరుండారు మనకు?"

"ఎవరూ లేరు. దినమంతా తొక్కుతానా, ఎదురుగా ఈ గోడే. ఎంత తొక్కినా ఇది దగ్గరికి రాదు, దూరం పోదు. ఒకనాడు అనిపిచ్చె, ఇంత తొక్కినదాన్ని ఈ పాటికి ఏదో ఒక ఊరు పోయి సేరిండాల్సిందే గదా అని. అంతే. పోయినా. తెల్లారేటప్పుడు ఆ రోడ్డు బాగుంటాది మామా. నా ముందర ఎవరూ ఉండరు."

"నాతో ఒక మాట సెప్పలేదు."

"సెప్పింటే పోనిచ్చేటోడివా?"

"ఏమో. అడగంది నాకేం తెలుసు."

"సరే. తప్పు నాది కూడా కొంచెముండాది."

"హులిగీ, అయితే ఒక పని సెయ్యి. నువ్వే ఎక్కు."

"దేనికి?"

"పందానికి. చక్రం కూడా మార్చొద్దు. నీకు దారి తెలుసు, గాలి తెలుసు. గెలుస్తావు నువ్వు."

"గెలుస్తా. ఆయప్ప స్టూలు మీద కూసోని ఎంత బరువయినాడో సూసినా గదా."

"మరింగేం, దిగు, స్టాండు తీస్తా."

"ఎక్కను."

"ఇప్పుడే గెలుస్తా అంటివి."

"గెలిసేది వేరే, ఎక్కేది వేరే. నేను కట్టని పందెం నేనేల తొక్కల్ల? నువ్వు గొప్పలు పోయినప్పుడంతా నేను వెనక తొక్కుకుంటా రావల్లనా? రేపు ఇంగో హోటల్లో ఇంగోటి కట్టొస్తావు."

"మరి నేనేం సెయ్యల్ల? మాటిచ్చినా."

"పోయి సెప్పు."

"ఏమని?"

"నాకు సైకిలు లేదు, పెండ్లాముది ఉంటే నాదని సెప్పినా, అని."

"వాళ్ళ ముందరా? గుంతలో కూసునేటోడు అంటేనే నిద్ర పట్టలేదు నాకు. ఈ మాట సెప్పి మల్లా ఆదోనిలో తలెత్తుకోని తిరగనా?"

"ఆదోనిలో తలెత్తుకోవల్ల. మన ఇంట్లో ఎట్లుంటే ఏమి, అంతేనా?"

"అట్లనలే."

"నాకు అట్లే ఇనపడె."

వీధిలో బెల్లు గణగణమంది. ఆదోని శేషప్ప తన బొంబాయి సైకిలు పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. దాన్ని గోడకు ఆనించడానికి కూడా ఆయనకు మనసు రాలేదు.

"ఏం భీమప్పా, జనమంతా రోడ్డు మీద కాసుకోనుండారు. నీ సైకిలు బయటికి తీస్తావా, అట్లే నాకు అప్పజెప్తావా?"

"వచ్చినావా శేషప్పన్నా. లోపలికి రా, మజ్జిగ తాగుదువు."

"మజ్జిగ గెలిసినాక తాగుతాలే. ఇదేనా నువ్వు సెప్పిన కట్టుచక్రం? అరె, దారం సుట్టుకుంటాండారే దీనిమీద. హోటల్లో ఈ కదురు సంగతి సెప్పలేదే నువ్వు."

హులిగమ్మ తొక్కడం ఆపకుండానే అందుకుంది. "కండెలు శేషప్పన్నా. దారం కాదు, మగ్గానికి నూలు కండెలు. నీ సైకిలు కూడా వెనక్కి తిరుగుతాదంట గదా?"

"తిరుగుతాదమ్మా. కట్టుచక్రం అంటేనే అది."

"వెనక్కి తిప్పి నువ్వేం సేస్తావు?"

"వెనక్కి తిప్పి సేసేదేముంటాది? సూసేవాళ్ళు బాగుందంటారు."

"మాకు వెనక్కి తిరిగేదే పని. అందుకు సేయించుకున్నా దీన్ని."

"నువ్వు సేయించుకున్నావా? భీమప్ప తానే సేయించినా అనె. సరే లేమ్మా, మగోళ్ళు మాట్లాడుకున్న మాట ఇది, నువ్వు దిగి పక్కకు నిలబడు. భీమప్పా, తియ్యి సైకిలు."

"అన్నా, అదీ..."

"నసుగుతావేంది? భయమైతే ముందే సెప్పల్ల. గుంతలో కూసునేటోనికి రోడ్డుతో ఏం పని అని నేను ఆ పొద్దే అంటి."

"గుంత మాట ఎత్తొద్దన్నా. ఆ గుంతలో కాళ్ళు పొద్దుగూకులూ తొక్కుతాయి. నువ్వు కట్టుకున్న పంచె అట్ల తొక్కితేనే వచ్చె."

"అయితే వచ్చి సైకిలు తొక్కు, సూస్తా."

"నాకు సైకిలు లేదు."

"ఏమంటివి?"

"నాకు సైకిలు లేదన్నా. ఆ పొద్దు హోటలు ముందర అబద్ధం సెప్పినా. ఇది హులిగిది. దాని సెయ్యి ఇరిగితే వాళ్ళన్న సేసి ఇచ్చినాడు, కండెలు సుట్టుకోనీకి. నేను ఒక మేకు కూడా కొట్టలేదు దీనికి. మడ్‌గార్డులు పీకింది మాత్రం నేనే."

"అంటే పెండ్లాం సొత్తు తెచ్చి నా సైకిలు మీద పందెం కట్టినావా? ఈ మాట రోడ్డు మీదికి పోయి సెప్తే నీ గతేంది?"

"నువ్వేల సెప్పల్ల? పద, నేనే వచ్చి సెప్తా. ఆదోనోళ్ళు ఎంతమంది వచ్చింటే అంతమందికీ సెప్తా."

"సిగ్గు లేదా నీకు?"

"ఉండాది. నిన్నటిదాకా లేకపాయె, ఇప్పుడుండాది."

"నీ సిగ్గు నాకేటికి? మాట మాటే. ఆదోని నుంచి బస్సెక్కించుకోని వచ్చినా జనాన్ని. ఇప్పుడెవరు తొక్కుతారు దీన్ని? ఈయమ్మ తొక్కుతాదా?"

"నవ్వుతాండావా అన్నా? నవ్వు. నేనూ ఇంతకుముందే తెలుసుకుంటి. దినమూ మొబ్బున కోటేకల్లుకు పోయొస్తాది. దిగుడులో కాళ్ళు నిలపదు, ఎక్కుడులో కిందికి దిగదు. మలుపు కాడ గాలి ఎటు తిరుగుతాదో నీకు తెలుసా? దానికి తెలుసు."

"అయితే ఏమంటావు? ఆడమనిషిని తెచ్చి నా పక్కన నిలబెడ్తావా?"

"నిలబెట్టనీకి నేనెవరన్నా, దాని సైకిలు నీకియ్యనీకి నేనెవరు. అది ఎక్కితే నీ సైకిలు పోతాది, ఎక్కకుంటే నా పరువు పోతాది. రెండిట్లో ఏది పోవల్లో దాన్నడుగు, నన్ను కాదు."